సూపర్‌చార్జర్ బిగించాను, 4500 ఆర్‌పీఎం దాటితే పెట్రోలు చాలడం లేదు – సలహా కావాలి (తిరుపతి)

చంద్రగిరి కోట · ఏప్రిల్ 6, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాన్నగారు 2002లో కొన్న బలేనో సెడాన్ ఇప్పుడు నా దగ్గర ఉంది. 1.6 లీటర్ల ఇంజన్, తొంభై పైచిలుకు హార్స్‌పవర్. గత ఏడాది ఇంజన్ మొత్తం విప్పి రింగులు, బేరింగులు, హెడ్ గ్యాస్కెట్ కొత్తవి వేయించాను. తరువాత సెకండ్ హ్యాండ్‌లో ఈటన్ ఎం45 సూపర్‌చార్జర్ ఒకటి దొరికింది; ఇంజన్‌లోకి గాలిని అదనంగా నెట్టే యంత్రం అది. బ్రాకెట్, పుల్లీ రేణిగుంట రోడ్డులో లేత్ పని చేసే షాపులో చేయించి బిగించాను. బూస్టు, అంటే అది నెట్టే గాలి అదనపు ఒత్తిడి, 6 పీఎస్‌ఐ దగ్గర నిలబడుతోంది.

ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, పెట్రోలు పంపు అన్నీ బండితో వచ్చినవే. బూస్టు వచ్చినప్పుడు ఇంజెక్టర్లు మరికాస్త సేపు తెరిచి ఉండేలా ఒక చిన్న పిగ్గీబ్యాక్ పెట్టె మాత్రం అదనంగా పెట్టాను. 4000 ఆర్‌పీఎం వరకు గాలి-పెట్రోలు నిష్పత్తి కొలిచే వైడ్‌బ్యాండ్ మీటరు 11.8 చూపిస్తుంది (అంకె పెరిగితే పెట్రోలు తక్కువని అర్థం), బండి హాయిగా లాగుతుంది. 4500 దగ్గర 12.4 అవుతుంది. అక్కడి నుంచి ముల్లు ఆగకుండా పైకి పోతుంది, 5500 దగ్గర 14.5. మొన్న పుత్తూరు రోడ్డులో ఒకసారి రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు వచ్చింది. వెంటనే కాలు తీశాను.

మరునాడు ప్లగ్గులు విప్పాను. మూడో సిలిండర్ ప్లగ్గు పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలున్నాయి. భూతద్దం పెట్టి చూస్తే వాటి మధ్య రెండు మూడు వెండి మెరుపులు కనిపించాయి. రాత్రి నిద్ర పట్టలేదు.

సూపర్‌చార్జర్‌తో పాటు ఒక ఎఫ్‌ఎంయూ కూడా వచ్చింది. బూస్టు ఒక పీఎస్‌ఐ పెరిగితే పెట్రోలు ఒత్తిడిని 8 పీఎస్‌ఐ పెంచే రెగ్యులేటర్ అది. దాన్ని బిగిస్తే సరిపోతుందా?

నగరి 1300 · ఏప్రిల్ 6, రాత్రి 9:50

సరిపోతుంది. నా 1.3 లీటర్ల బండి మూడేళ్లుగా ఎఫ్‌ఎంయూ మీదే నడుస్తోంది, బూస్టు 4 పీఎస్‌ఐ. కంప్యూటర్ అక్కర్లేదు, ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. ఒక డయాఫ్రం, ఒక స్ప్రింగు, రెండు పైపులు. దారిలో చెడిపోయినా స్పానరుతో బాగు చేసుకోవచ్చు. రిటర్న్ పైపులో పాత రెగ్యులేటర్ తరువాత పెట్టండి, మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి) నుంచి ఒక గొట్టం ఇవ్వండి.

బాషా ఆటోనగర్ · ఏప్రిల్ 6, రాత్రి 10:31

ఆ వెండి మెరుపులు పిస్టన్ అల్యూమినియం. మిశ్రమం పలచనై, వేడి పెరిగి, మిశ్రమం అదుపు తప్పి పేలి ఇంజన్ కొట్టుకున్నప్పుడు పిస్టన్ తల మీది నుంచి రేణువులు లేచి ప్లగ్గుకు అతుక్కుంటాయి. రెండు మూడు చుక్కలతోనే ఆగిందంటే మీరు సమయానికి కాలు తీశారు. ఇక ఏ సంగతీ తేలేవరకు ఆ బండిని 3000 దాటనివ్వకండి. సూపర్‌చార్జర్ బెల్టు తీసేసి పక్కన పెట్టగలిగితే ఇంకా మంచిది. కంప్రెషన్ కొలిచి నాలుగు సిలిండర్ల అంకెలూ ఇక్కడ రాయండి.

పాకాల జంక్షన్ · ఏప్రిల్ 7, ఉదయం 7:05

సాంకేతిక సలహా కన్నా ముందు ఒక మాట. పుత్తూరు రోడ్డు మీద ఎప్పుడూ లారీలు, చెన్నై బస్సులు ఉంటాయి. అక్కడ ఇంజన్ పరీక్షలు చేయడం మీకూ ప్రమాదం, ఎదురొచ్చేవారికీ ప్రమాదం. తిరుమల ఘాట్ రోడ్ల మీద అసలు తలపెట్టకండి, అది యాత్రికుల దారి. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్‌ను గట్టిగా చెప్పింది. ఏదైనా జరిగితే బీమా కంపెనీ మొదట అడిగేది దాని గురించే.

చంద్రగిరి కోట · ఏప్రిల్ 7, ఉదయం 8:20

పాకాల అన్నా, మీ మాట నిజం. పుత్తూరు రోడ్డులో నేను చేసింది తప్పే. ఇకపై బండి రోడ్డెక్కదు. దీన్ని ట్రాక్ కోసమే ఉంచాలనుకుంటున్నాను. ట్రైలర్ మీద చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కు తీసుకుపోతాను.

బాషా భాయ్, కంప్రెషన్ 172, 170, 168, 171 పీఎస్‌ఐ. బెల్టు తీసేశాను.

బాషా ఆటోనగర్ · ఏప్రిల్ 7, ఉదయం 9:02

మూడోది అందరికన్నా తక్కువే కానీ నాలుగూ దగ్గరగానే ఉన్నాయి. దేవుడి దయ. ఇంజన్ బతికే ఉంది.

ల్యాంబ్డా లక్ష్మి · ఏప్రిల్ 7, రాత్రి 8:44

నేను శ్రీపెరంబుదూరు వైపు ఇంజన్ టెస్టింగ్‌లో పని చేస్తాను, ఊరు తిరుపతే. ఎఫ్‌ఎంయూ పెట్టాలా, పెద్ద ఇంజెక్టర్లా, కొత్త ఈసీయూనా అన్నది తరువాతి సంగతి. ముందు ఇప్పుడున్న పంపు ఎంత ఇస్తోందో తెలియాలి. చాలామంది ఈ మెట్టు దాటేసి వస్తువులు కొంటారు, ఆ పైన కొన్న వస్తువును తిడతారు.

రెండు కొలతలు తీయండి. ఫ్యూయల్ రైలు (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) మీద ప్రెషర్ గేజ్ పెట్టి బూస్టులో ఎంత ఉంటుందో చూడాలి. బండితో వచ్చిన మీ పెట్రోలు రెగ్యులేటర్‌కు మానిఫోల్డ్ గొట్టం ఉంది కాబట్టి మూల ఒత్తిడి 3 బార్ అయితే, 6 పీఎస్‌ఐ అంటే 0.4 బార్ బూస్టులో గేజ్ 3.4 చూపాలి. అప్పుడే ఇంజెక్టర్‌కు రెండు వైపులా తేడా 3 బార్ నిలుస్తుంది. దీనికి బెల్టు తిరిగి వేయాలి, కాబట్టి రోడ్డు మీద వద్దు. చెన్నైలో డైనో (బండిని నిలబెట్టి ఇంజన్‌ను పరీక్షించే యంత్రం) మీద అరగంట తీసుకోండి, మిశ్రమం 13 దాటగానే ఆపమని ఆపరేటర్‌కు ముందే చెప్పండి.

రెండోది, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజి. ఆల్టర్నేటర్ దగ్గర వోల్టేజి కాదు, పంపు దగ్గరిదే కావాలి.

బాషా ఆటోనగర్ · ఏప్రిల్ 7, రాత్రి 9:15

లక్ష్మమ్మ మాటకు ఒకటి కలుపుతాను. రిటర్న్ పైపును కొలత గీతలున్న క్యానులో పెట్టి 30 సెకన్లలో ఎంత పడుతుందో చూడండి. ఆరుబయట చేయండి, ఇంజన్ చల్లగా ఉండాలి, పక్కన మంటలార్పే సిలిండర్ పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. ఈ ఎండల్లో పెట్రోలు ఆవిరి ఎంత దూరం పాకుతుందో కంటికి కనపడదు.

చంద్రగిరి కోట · ఏప్రిల్ 13, మధ్యాహ్నం 1:30

డైనో అయింది. గేజ్ ఐడిల్‌లో బాగానే ఉంది. 4500 దగ్గర 3.1కి, 5500 దగ్గర 2.7 బార్‌కు పడిపోయింది. అక్కడే ఆపేశారు.

పంపు దగ్గర వోల్టేజి 11.3. ఆల్టర్నేటర్ దగ్గర 14.0! క్యానులో 30 సెకన్లకు 400 మిల్లీలీటర్లు పడింది, అంటే గంటకు 48 లీటర్లు. అదీ ఐడిల్‌లో, తక్కువ ఒత్తిడి మీద.

ల్యాంబ్డా లక్ష్మి · ఏప్రిల్ 13, మధ్యాహ్నం 2:10

2.7లో బూస్టు 0.4 తీసేయండి. మీ ఇంజెక్టర్లకు 5500 దగ్గర దక్కుతున్న తేడా 2.3 బార్. పెట్రోలు ధార ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 2.3ను 3తో భాగించి వర్గమూలం తీస్తే 0.876. అంటే ఎనిమిదో వంతు పెట్రోలు ఇక్కడే పోయింది. ఇంత తేడా ఉండగా ఏ పెట్టెతో ట్యూన్ చేసినా అది ఇసుక మీద గోడే. ఆ 2.7 వోల్టులు ఎక్కడ పోతున్నాయో వెతకండి.

బాషా ఆటోనగర్ · ఏప్రిల్ 13, సాయంత్రం 6:00

వెనక సీటు ఎత్తి ఎర్త్ బోల్టు చూడండి.

చంద్రగిరి కోట · ఏప్రిల్ 14, రాత్రి 10:20

భాయ్, మీ చేతికి దండం. సీటు కింద కార్పెట్ ఎప్పుడో తడిసి ఆరిన మరక. దాని కింద ఎర్త్ బోల్టు, ఇటుక రంగు తుప్పు. స్పానరు వేసి తిప్పితే పొరలు పొరలుగా రాలింది. కింద వైరు చివర రాగి పచ్చగా మారి, వేలితో నలిపితే పొడి అయింది. అక్కడ రేకును గీకి మెరిసేవరకు శుభ్రం చేశాను. కొత్త బోల్టు వేసి, పైన గ్రీజు పూశాను. బ్యాటరీ నుంచి పంపు వరకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు కొత్తగా లాగాను. బ్యాటరీ దగ్గర ఫ్యూజు, వెనక రిలే పెట్టాను. పాత వైరు ఇప్పుడు రిలేను లాగడానికి మాత్రమే పనిచేస్తుంది. ట్యాంకులో పంపు జల్లెడ కూడా మార్చాను, నల్లగా జిగురు పట్టి ఉంది.

ఇప్పుడు పంపు దగ్గర 13.6 వోల్టులు. క్యానులో 30 సెకన్లకు 640 మిల్లీలీటర్లు. గంటకు 77 లీటర్లు.

నగరి 1300 · ఏప్రిల్ 14, రాత్రి 10:41

శభాష్! ఇక ఎఫ్‌ఎంయూ బిగించేయండి.

చంద్రగిరి కోట · ఏప్రిల్ 20, సాయంత్రం 5:15

మళ్లీ డైనోకు వెళ్లాను. ఒత్తిడి పైవరకు 3.4 బార్, కదలలేదు. 5500 దగ్గర మిశ్రమం 14.5 ఉండేది 12.7 అయింది. చాలా నయం. కానీ 5000 నుంచి ముల్లు ఇంకా పైకే పోతోంది. పంపు బాగుంటే మరి ఎందుకిలా?

ల్యాంబ్డా లక్ష్మి · ఏప్రిల్ 20, రాత్రి 9:30

ఎందుకంటే ఇప్పుడు అడ్డం పడుతున్నది కాలం. మీ ఇంజెక్టర్లు ఎంత ఇస్తాయో బెంచ్ మీద కొలిపించారా? నిన్న ఫోనులో 3 బార్ మీద నిమిషానికి 180 సీసీ అన్నారు, ఆ లెక్కనే చెబుతాను.

6 పీఎస్‌ఐ మీద మీ ఇంజన్ దాదాపు 125 హార్స్‌పవర్ ఇస్తుందనుకుందాం. సూపర్‌చార్జర్‌ను తిప్పడానికి కొంత శక్తి పోతుంది, మిశ్రమం కూడా చిక్కగా ఉండాలి. అందుకే ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 280 గ్రాముల పెట్రోలు లెక్కవేస్తాం. బూస్టు లేని ఇంజన్‌కు 230 లోపు సరిపోతుంది. 125ను 280తో గుణిస్తే 35 కిలోలు, అంటే దాదాపు 47 లీటర్లు. బంకులో వస్తున్నది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు), ఇథనాల్‌కు గాలి తక్కువ, ఇంధనం ఎక్కువ కావాలి కాబట్టి మరో 8 శాతం కలపండి. గంటకు 51 లీటర్లు. నాలుగు ఇంజెక్టర్లకు పంచితే ఒక్కోదానికి నిమిషానికి 211 సీసీ. మీది ఒక్క క్షణం మూసుకోకుండా తెరిచి ఉన్నా ఇచ్చేది 180.

ఇదే లెక్కను ఇంకోలా చూస్తే 4500 రహస్యం తెలుస్తుంది. ఆ 211 సీసీని 6000 ఆర్‌పీఎం లెక్కన పంచితే, ఒక పేలుడుకు కావలసిన పెట్రోలు పోయడానికి మీ ఇంజెక్టర్‌కు 23.4 మిల్లీసెకన్లు పడుతుంది. తెరుచుకోవడానికే ఇంకో మిల్లీసెకను. మొత్తం 24.4. నాలుగు స్ట్రోకుల చక్రం 4500 దగ్గర 26.7 మిల్లీసెకన్లు ఉంటుంది, అందుకని సరిపోతోంది. 5000 దగ్గర చక్రం 24 మిల్లీసెకన్లే. 6000 దగ్గర 20. ఇంజెక్టర్ మూసుకునే వ్యవధి లేకుండా తరువాతి చక్రం వచ్చేస్తోంది. పిగ్గీబ్యాక్ ఇంకా పొడిగించమన్నా పొడిగించడానికి కాలం లేదు. మామూలుగా ఇంజెక్టర్ తెరిచి ఉండే కాలాన్ని చక్రంలో 80 శాతం దాటనివ్వకూడదు.

నగరి 1300 · ఏప్రిల్ 20, రాత్రి 9:58

లక్ష్మి గారూ, లెక్క ఒప్పుకుంటాను. కానీ కాలం చాలకపోతే ఒత్తిడి పెంచితే అదే కాలంలో ఎక్కువ పడుతుంది కదా? ఎఫ్‌ఎంయూ చేసేది అదే. నాది మూడేళ్లుగా నిలబడింది, ప్లగ్గులు చాక్లెట్ రంగులో ఉన్నాయి.

ల్యాంబ్డా లక్ష్మి · ఏప్రిల్ 20, రాత్రి 10:35

మీ బండిలో నిలబడటానికి కారణం ఉంది. 4 పీఎస్‌ఐ, చిన్న ఇంజన్. మీకు కావలసిన అదనపు పెట్రోలు తక్కువ. వారి బండి సంగతి వేరు. 180 సీసీ ఇంజెక్టర్ 80 శాతం కాలంలో ఆ 211 ఇవ్వాలంటే దాని ధార 264 కావాలి. ఒత్తిడి తేడా దాదాపు 6.5 బార్‌కు పోవాలి. 8 రెట్ల ఎఫ్‌ఎంయూ 6 పీఎస్‌ఐకి 48 పీఎస్‌ఐ, అంటే 3.3 బార్ కలుపుతుంది, గేజ్ 6.3 చూపిస్తుంది. కాగితం మీద దగ్గరకు వచ్చినట్టే ఉంది. కానీ తక్కువ ఒత్తిడి మీద గంటకు 77 లీటర్లు ఇచ్చిన పంపు 6.3 బార్ మీద అందులో ఎంత ఇస్తుంది? ఒత్తిడి పెరిగేకొద్దీ పంపు ధార సన్నబడుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది. చాలా పంపుల్లో లోపల రక్షణ కవాటం తెరుచుకుని పెట్రోలు ట్యాంకులోకే వెనక్కి పోతుంది. ఇంజెక్టర్లు కూడా అంత ఒత్తిడికి ఎదురు తెరుచుకోలేక తడబడతాయి. పాతికేళ్ల రబ్బరు పైపులు, క్లిప్పులు రెట్టింపు ఒత్తిడి మీద, వేడి మానిఫోల్డ్ పక్కన. నేను మాత్రం ఆ బండి పక్కన నిలబడను.

ఇంకొకటి. ఎఫ్‌ఎంయూ బూస్టును చూస్తుంది, ఇంజన్ వేగాన్ని చూడదు, గాలి వేడిని చూడదు. మన ఊళ్లో డిసెంబరు ఉదయానికి, 42 డిగ్రీల మే మధ్యాహ్నానికి ఒకే లెక్కన పోస్తుంది.

నగరి 1300 · ఏప్రిల్ 20, రాత్రి 10:50

6 పీఎస్‌ఐకి కాదంటే ఒప్పుకుంటాను. 4 వరకు మాత్రం నా మాట మీదే ఉంటాను. పైపులు అన్నీ మార్చి, మంచి పంపు వేసినవాడికి అది నమ్మదగిన వస్తువే.

ఎస్వీయూ విద్యార్థి · ఏప్రిల్ 21, ఉదయం 6:40

నేను మెకానికల్ మూడో సంవత్సరం. అన్నా, స్పీడ్యునో ఈసీయూ నేనే సోల్డర్ చేసి ఒక ప్రాజెక్టులో నడిపాను, కావాలంటే సాయం చేస్తాను. ఇంజెక్టర్లు ఒకేసారి 550 సీసీ కొనేస్తే తరువాత బూస్టు పెంచుకోవచ్చు కదా? ఇంకో సందేహం, ఈ20 అయితే 11.8 అనే గురి కూడా మారాలి కదా?

ల్యాంబ్డా లక్ష్మి · ఏప్రిల్ 21, రాత్రి 8:15

మంచి ప్రశ్నలు. పాత ఇంజెక్టర్ ఐడిల్‌లో 2.6 మిల్లీసెకన్లు తెరుస్తోందనుకోండి. అందులో ఒకటి తెరుచుకోవడానికే పోతుంది, పోసేది 1.6. 550 వేస్తే పోయడానికి మిగిలేది అర మిల్లీసెకను. అంత చిన్న వ్యవధిలో ఏ ఇంజెక్టరూ ప్రతిసారీ ఒకేలా పోయదు, బండి సిగ్నల్ దగ్గర నిలబడి వణుకుతుంది. 330 సీసీ చాలు. 6000 దగ్గర లెక్క వేస్తే 69 శాతమే తెరుచుకుంటుంది. ఆ తెరుచుకునే కాలం వోల్టేజితో మారుతుంది. ఫ్యాను, లైట్లు వేసినప్పుడు ఐడిల్ పడిపోకుండా ఆ పట్టికను ఈసీయూలో సరిగ్గా నింపాలి.

రెండోది, మీటరు నిజంగా కొలిచేది ల్యాంబ్డానే, అంటే ఆ ఇంధనానికి సరిపడే గాలితో పోలిస్తే ఉన్న గాలి ఎంత అన్నది. దాన్ని మామూలు పెట్రోలు లెక్కన 14.7తో గుణించి చూపిస్తుంది. ఈ20కి సరైన నిష్పత్తి 13.5 దరిదాపుల్లో ఉంటుంది. అయినా 0.80 ల్యాంబ్డా ఏ ఇంధనానికైనా 0.80నే. మీటరును ల్యాంబ్డాకు మార్చేసి 0.80 గురి పెట్టుకుంటే ఈ గందరగోళమే ఉండదు.

మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) మరిచిపోకండి. బండితో వచ్చినది వాతావరణ పీడనం కొంచెం దాటగానే చూపు కోల్పోతుంది. 2.5 బార్‌ది పెట్టండి.

మదనపల్లె ఘాట్ · ఏప్రిల్ 21, రాత్రి 9:05

ట్రాక్ మలుపుల్లో ట్యాంకులో పెట్రోలు ఒక పక్కకు ఒరిగితే పంపు ఒక్క క్షణం గాలి పీలుస్తుంది. మామూలు ఇంజన్ ఒకసారి దగ్గి ఊరుకుంటుంది. బూస్టులో ఆ ఒక్క క్షణం చాలు. మా భాకరాపేట ఘాట్ మలుపుల్లో తక్కువ పెట్రోలుతో బండి దగ్గడం చాలాసార్లు చూశాను. సగం ట్యాంకు కిందికి రానివ్వకండి.

బాషా ఆటోనగర్ · ఏప్రిల్ 22, ఉదయం 8:30

పెట్రోలు ఒక్కటి సరిచేస్తే అయిపోదు. స్పార్కు పాత సమయానికే వస్తే ఎంత చిక్కటి మిశ్రమమైనా కొట్టుకుంటుంది. మొదటి రోజు ఒక్కో పీఎస్‌ఐకి ఒక డిగ్రీ వెనక్కి పెట్టుకోండి, తరువాత తీరిగ్గా చూసుకోవచ్చు. బ్లాకుకు ఒక రాగి గొట్టం చదును చేసి బోల్టుతో బిగించండి, రెండో చివర రబ్బరు పైపుతో చెవి దాకా తీసుకురండి. మీటరు కన్నా ముందే ఆ గొట్టం చెబుతుంది. పెట్రోలు 95 ఆక్టేన్‌ది కొట్టించండి.

చంద్రగిరి కోట · మే 19, రాత్రి 11:40

ఆలస్యానికి మన్నించండి. 330 సీసీ ఇంజెక్టర్లు, 2.5 బార్ మ్యాప్ సెన్సర్, ఎస్వీయూ తమ్ముడు సోల్డర్ చేసిన స్పీడ్యునో, ట్యాంకు నుంచి రైలు వరకు కొత్త పైపులు. మొదటి మూడు రోజులు ఐడిల్ నిలవలేదు. పట్టికలో ఇంజెక్టర్ తెరుచుకునే కాలం 12 వోల్టుల దగ్గర తప్పు వేశాం. అది దిద్దగానే బండి నిశ్శబ్దంగా నిలబడింది. అర్ధరాత్రి షెడ్డులో ఇద్దరం ఏమీ మాట్లాడుకోకుండా చాలాసేపు ఆ చప్పుడు వింటూ కూర్చున్నాం.

ఈరోజు డైనో మీద 3000 నుంచి 6200 వరకు ల్యాంబ్డా 0.79, 0.81 మధ్య గీత గీసినట్టు నిలిచింది. ఒత్తిడి 3.4. 6200 దగ్గర ఇంజెక్టర్లు 71 శాతం. స్పార్కు 6 డిగ్రీలు వెనక్కి. చెవిలో రాగి గొట్టం పెట్టుకుని విన్నాను, గులకరాళ్లు లేవు. మూడో ప్లగ్గు ఫోటో కింద పెట్టాను. నగరి అన్నా, ఆ ఎఫ్‌ఎంయూ మీకు కావాలంటే వచ్చి తీసుకోండి, డబ్బు వద్దు.

నగరి 1300 · మే 20, ఉదయం 6:15

ఆదివారం వస్తాను. బండి కూడా చూడాలి.

బాషా ఆటోనగర్ · మే 20, ఉదయం 9:10

ఫోటో చూశాను, రంగు బాగుంది. ట్రాక్ మీద మొదటి పది ల్యాపుల తరువాత అదే మూడో ప్లగ్గును మళ్లీ విప్పండి. ఎర్త్ బోల్టును కూడా ఒకసారి చేత్తో తడిమి చూడండి, వేడిగా తగిలితే ఫోన్ చేయండి.